చెక్ ట్రే తీర్పు

మొగల్తూరు రొయ్యల చెరువుల్లో మేత ఎంత వెయ్యాలో ఇప్పుడు సర్వర్లే చెబుతాయి. రొయ్యల రైతు మంగతాయారు ఒక చెరువుకి కొత్త సర్వర్‌నీ, రెండో చెరువుకి ఇరవై రెండేళ్ల పాతదాన్నీ పెట్టి చూసింది. ఒకటే ఉంటుంది, రెండోది తుక్కుకు పోతుంది.

మేత వేసిన రెండు గంటలకి, ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలు నీళ్లలోంచి పైకి లాగింది. రెండింట్లోనూ మేత మిగల్లేదు, రొయ్యల పేగులు నిండుగా ఉన్నాయి.

“కొత్తది రెప్పపాటులో చెప్పిందండి. కరెంటూ సగమే,” అన్నాడు డీలరు ఫణీంద్ర.

“గట్టిదేనయ్యా!” అని మెచ్చుకుని, ఆమె పాతదాని వైపు తిరిగింది. “నువ్వే చెప్పవే, దేన్ని ఉంచుకోను?”

అది ఎప్పట్లాగే నాలుగు సెకన్లు ఆలోచించింది.

“కొత్తదాన్నేనమ్మా. నన్ను మాత్రం ఓ వారం దాని పక్కన ఉంచు. ఉప్పుగాలిని ఎలా తట్టుకోవాలో చెప్పి పోతాను.”