మొరిగిన టర్బో

నార్వేలోని ఓలెసుండ్ రేవులో, పడవ ఇంజనులోకి గాలి నొక్కి పంపే టర్బోను విప్పి చెక్క దిమ్మ మీద పెట్టి, మరమ్మతు షెడ్డు రైదార్ అందులోకి తల దూర్చాడు.

"బేరింగు రేకులా పలచబడిపోయింది. ఇరుసు ముందుకీ వెనక్కీ ఆడి, రెక్కలు గోడకి రాసుకున్నాయి. ఇది ఒక్కరోజు అరుగుడు కాదు. రెండు వారాలన్నా మొరిగి ఉంటుంది."

టర్బో మొరగడమంటే చేపల పడవలవాళ్లకి కొత్త కాదు. చాలినంత గాలి లోపలికి అందకపోతే, నొక్కిన గాలి ముందుకు పోలేక వెనక్కి తన్నుతుంది. తన్నినప్పుడల్లా కుక్క మొరిగినట్టు చప్పుడు. మొరిగినప్పుడల్లా బేరింగు కొంచెం అరుగుతుంది.

"గాలెందుకు అందలేదు?" కెప్టెన్ స్టైనార్ అడిగాడు.

రైదార్ ఫిల్టర్‌లోంచి తడి ఉన్ని పోగులు లాగి చూపించాడు.

"మీ చేతితొడుగులు! గాలి పీల్చే చోట వేస్తే గంటలో ఆరిపోతాయని అందరూ తెచ్చి అక్కడే పరుస్తారు. దాని ముక్కూ నోరూ మూసేసి, పరిగెత్తమంటే ఎక్కడ పరిగెడుతుంది?"

మళ్లీ టర్బోలోకి వంగి అన్నాడు. "నువ్వుండగా ఇట్లా ఎట్లా అయింది, టోర్లైఫ్?"

ఇంజను గదికి పెద్ద టోర్లైఫ్. ఆ పడవలో ముప్పై ఏళ్లుగా ఉన్నాడు. జవాబివ్వలేదు. రైదార్ వీపు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పాపం, సిగ్గుతో నోరు పెగలట్లేదు" అన్నాడు రైదార్.

బుధవారం గాలివానలో, రాళ్ల తిప్పకు దగ్గరగా ఉండగా టర్బో పట్టేసి తిరగడం ఆగిపోయింది. ఇంజనుకు బలం చాలలేదు. పడవ పక్కకు ఒరిగి వంటవాడి చెయ్యి విరిగింది. రక్షణ పడవ వచ్చి లాక్కురాకపోతే ఏమయ్యేదో. ఇంజను గదిలో ఉన్నది ఇద్దరే. ఆ ఇద్దరిలో తప్పు చేసినవాళ్లు దిగిపోవాలని యజమాని చెప్పేశాడు.

రెండో మనిషి ఇంగున్. ఇంకో ఎనిమిది నెలలు సముద్రం మీద పనిచేస్తే పెద్ద ఇంజనీరు పరీక్ష రాయొచ్చు. తప్పు చేసిందని దింపేసిన అమ్మాయిని ఈ తీరంలో ఇంకే పడవా ఎక్కించుకోదు.

"నేను చెప్పాను!" టోర్లైఫ్ వెనక నుంచి ఇంగున్ గొంతు పెంచింది. "రెండు సార్లు చెప్పాను. మొరుగుతోంది, ఆ తొడుగులు తీసేయనా అని అడిగాను. ఈయన పలకలేదు. పెద్దాయన, తెలిసే ఊరుకున్నారనుకున్నా. ఆయన చెప్పకుండా ఫిల్టర్ ముట్టుకోవద్దని మీరే గదా అన్నారు, కెప్టెన్!"

టోర్లైఫ్ వెనక్కి తిరగలేదు.

స్టైనార్ వచ్చి అతని భుజాలు పట్టుకున్నాడు. "ఒరేయ్, నా మొహం చూసి చెప్పు. ఈ పిల్ల నీకు చెప్పానంటోంది. చెప్పిందా, లేదా?"

లేదు అనే ఒక్క మాట టోర్లైఫ్ నాలుక మీదికొచ్చింది. ఆ మాట అంటే పడవలోనే ఉండొచ్చు. పింఛనుకు ఇంక రెండేళ్లే.

పోయిన వారం ఇంగున్ తన వెనక కాసేపు నిలబడి, తర్వాత విసురుగా మెట్లెక్కి వెళ్లిపోవడం గుర్తొచ్చింది. ఏమైందని ఆ రోజే అడగాల్సింది. అడగడానికి భయపడ్డాడు. ఆ భయానికే వంటవాడి చెయ్యి విరిగింది.

మెల్లగా తిరిగి ఆమెను చూశాడు. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. తల మాత్రం దించుకోలేదు.

"చెప్పింది" అన్నాడు. "విన్నాను. చేప బాగా పడుతోంది గదా, రేవుకొచ్చాక చూద్దాంలే అనుకున్నా."

"విని కూడా ఊరుకున్నావా?" స్టైనార్ చేతులు అతని భుజాల మీంచి జారిపోయాయి. "నువ్వా? పో, సంచి సర్దుకో."

ఇంగున్ ఎదురుగా వచ్చింది. "మిమ్మల్ని ఇట్లా నిలబెట్టాలని కాదండీ..."

ఆమె పెదవులు కదలడం ఆగేదాకా చూసి, "నువ్వు నిజమే చెప్పావమ్మా" అన్నాడు టోర్లైఫ్. ఇంక అక్కడ ఆగలేక పడవ వైపు నడిచాడు.

రెండేళ్ల కిందట ఓడవాళ్ల వైద్య పరీక్షలో, చప్పుడు పంపే మీట మీద నర్సు వేలు కదిలినప్పుడల్లా, వినపడినట్టు బటను నొక్కి గట్టెక్కాడే గాని, అప్పటికే టోర్లైఫ్‌కు రెండు చెవులూ వినపడటం మానేశాయి.