అల్లుడి మీటరు

“పిల్లనిచ్చేటప్పుడు నిన్ను మీటరు పెట్టి చూశానా అల్లుడూ?”

జనరేటరుకి అడ్డంగా నిలబడి అడిగారు మామగారు. సౌండు సెట్టు నడిపే అల్లుడి చేతిలో మీటరు ఉంది, దాని రెండు తీగలూ గాల్లో వేలాడుతున్నాయి. వెనక రెండు వందల మంది కుర్చీల్లో కూర్చుని చప్పట్లు చరుస్తున్నారు, మెచ్చుకోలుతో కాదు, విసుగుతో.

“అనుమానం మీ మీద కాదు మామయ్యా, కరెంటు మీద.”

“నా పెట్టెలోంచి వచ్చే కరెంటు నా మాట వినదా? ఇరవయ్యేళ్లుగా తిప్పుతున్నాను. ఇంతవరకు ఒక్క బల్బు మాడలేదు, తెలుసా!”

“బల్బు వేరు, మైకు వేరు. బల్బుని ఎవరూ పెదాలకి ఆనించుకోరు కదా.”

ఆ మైకు పట్టుకోబోయేది పరాయి మనిషి కాదు. ఇతగాడికి భార్య, ఆయనకి కూతురు. మధ్యాహ్నం పడ్డ వానకి స్టేజీ చెక్కలు ఇంకా తడారలేదు. ఆవిడకి చెప్పులేసుకుని పాడే అలవాటు లేదు. ఆ తడి చెక్కల మీద ఉత్తకాళ్లతో నిలబడి గొంతు సవరించుకుంటోంది. అల్లుడి చూపు మాటిమాటికీ ఆ పాదాల మీదికే పోతోంది.

కాలనీ సంఘం సెక్రటరీ పరుగున వచ్చాడు. వీధిలో కరెంటు పోయిన దగ్గర్నుంచి ఆయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. “ఏంటయ్యా ఇది? పొద్దున మైకు గుయ్యిమని మోగుతుంటే చిటికెలో దాని నోరు మూయించావు. ఇప్పుడొక్క స్విచ్చి వెయ్యడానికి ఇంత రాద్ధాంతమా? అక్కడ ముఖ్య అతిథిగారు ఇప్పటికి నాలుగుసార్లు వాచీ చూసుకున్నారు!”

“పొద్దుటిది మా విద్యలెండి సార్. ఇది ప్రాణం. ఎర్తు సరిగ్గా లేకపోతే మైకు పట్టుకున్న మనిషిలోంచే కరెంటు నేలలోకి దిగుతుంది. ఐదు నిమిషాలివ్వండి.”

“అల్లుడు దశమగ్రహమని ఊరికే అన్నారా!” అన్నారు మామగారు, నలుగురికీ వినపడేలాగే.

“నాన్నా, ఆయన్ని చూడనీ,” అంది కూతురు స్టేజీ మీంచి. “మీ మామా అల్లుళ్ల పంచాయితీ తెగేలోపు నా గొంతు ఎండిపోయేలా ఉంది.”

కూతురి మాటకి ఆయన పక్కకి జరిగారు. కానీ మొహం గంటు పెట్టుకున్నారు. పిలుపు కూడా మారిపోయింది. “కానివ్వండి అల్లుడుగారూ. తమరి పరీక్షలేవో కానివ్వండి.”

ఆ ‘గారు’ చురుక్కుమంది. అయినా అల్లుడు వంగాడు. చొక్కా జేబులో ఏదో గుండెకి గుచ్చుకుంది. పట్టించుకునే తీరికెక్కడ! మీటరు తీగలు సాకెట్లో పెట్టాడు. రెండు వందల ముప్ఫై ఓల్టులు, ఉండాల్సినంతే. ఎర్తుకి పెట్టి చూశాడు. అక్కడా వంకలేదు. ఉత్తినే తిరుగుతున్నప్పుడు ఏ జనరేటరైనా బుద్ధిమంతురాలే, బరువు మీద పడితే కదా అసలు గుణం బయటపడేది! స్టేజీకి కట్టిన పెద్ద లైట్లన్నీ ఒకేసారి వేయించాడు. జనరేటరు ఒక్కసారి గుర్రుమని మళ్లీ సర్దుకుంది. అంకె రెండు మెట్లు దిగి అక్కడే నిలబడింది. నేలలో దిగ్గొట్టిన ఎర్తు కడ్డీని బూటుకాలితో తోసి చూశాడు. కదిలితే ఒట్టు.

“ఎన్ని మార్కులొచ్చాయి?” అన్నారు మామగారు.

ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. అల్లుడికి తల కొట్టేసినట్టయింది. “ఏమీ అనుకోకండి మామయ్యా. బంగారంలా ఉంది.”

“అనుకోవడానికేముంది? కన్నకూతురి ప్రాణం మీదికి తెచ్చేవాణ్ణి కానని తమరి మీటరు చెప్పింది. సంతోషం.”

అల్లుడు మైకు తగిలించి ఉన్న మిక్సరు ప్లగ్గు గుచ్చి స్విచ్చి వేశాడు. స్పీకర్లు టప్పుమన్నాయి. గుయ్యి లేదు, గయ్యి లేదు. జనం హమ్మయ్య అనుకున్నారు. భార్య రెండడుగులు ముందుకు వేసి మైకు కోసం చెయ్యి చాచింది.

“ఆగమ్మా!”

మామగారు వయసు మరిచిపోయి స్టేజీ ఎక్కేశారు. కూతురి చెయ్యి పట్టి వెనక్కి లాగి, జేబులోంచి టెస్టరు తీశారు.

ఈసారి ఒళ్లు మండడం అల్లుడి వంతయింది. “ఇదేం న్యాయం మామయ్యా! ఇంతసేపూ నమ్మకం గురించి నాకు క్లాసు పీకి, ఇప్పుడు మీరు నా మైకుకి టెస్టరు పెడతారా?”

“నా జనరేటరునంటే నాకు పౌరుషం. పిల్ల దగ్గరికొచ్చేసరికి నన్ను నేనే నమ్మను, నువ్వెంత!” అంటూ ఆయన టెస్టరు మొనని మైకు జాలీకి ఆనించారు.

టెస్టరులో ఎర్రదీపం వెలిగింది.

నవ్వులు ఆగిపోయాయి. అల్లుడు ఒక్క గంతులో వెళ్లి స్విచ్చి కట్టేశాడు. “చెప్పానా! జనరేటరులోనే ఏదో ఉందని చెప్పానా!” అని అరిచాడు.

“దాన్ని ఇప్పుడే పాసు చేశావు కదా నాయనా,” అన్నారు మామగారు. ఆయన మొహం పాలిపోయింది. కూతురి చెయ్యి ఇంకా వదల్లేదు. “ఒకసారి నీ సామాను చూసుకో.”

మిక్సరు ప్లగ్గు పీకడానికి అల్లుడు కిందికి వంగాడు. జేబులో ఇందాకటిదే మళ్లీ గుండెకి గుచ్చుకుంది. విసుగ్గా వేళ్లు పెట్టి బయటికి లాగాడు.

పొద్దున మైకు గుయ్యిమనకుండా ఉండడానికి, ఆ ప్లగ్గులోంచి తన చేత్తో తనే పీకేసిన ఎర్తు పిన్ను.