మూత కనబడని పెట్టె

"రక్తం కారిపోతోంది, తొందరగా తెరవండి," అంది భార్య.

డిజైనరు తెగిన బొటనవేలిని గుప్పిట్లో బిగించి, రెండో చేత్తో ప్రథమచికిత్స పెట్టె మూలలన్నీ నొక్కి చూశాడు. నిరుడు అతనికి పెద్ద బహుమతి తెచ్చిపెట్టింది ఈ పెట్టే. ఏటి రాయిలా నున్నగా ఉంటుంది. పిడి లేదు, పైన ఒక్క అక్షరం లేదు. బహుమతి సభలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది వాళ్లమ్మే.

"మూత ఎక్కడుందో తెలీకపోవడమే దీని అందం," అన్నాడు, నుదుటి చెమట భుజానికి తుడుచుకుంటూ.

"అందానికేం, బోలెడుంది. ఎలా తెరవాలో రాసిన కాగితం ఇచ్చుంటారు కదా?"

"ఇచ్చాం."

"ఏదీ?"

అతను పెట్టెవైపు చూశాడు. "లోపలుంది."

ఆమె నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లి సొట్టలు పడిన బిస్కెట్ల డబ్బా తెచ్చింది. మూతమీద అత్తగారి లావుపాటి అక్షరాలు: 'దెబ్బలకి'. అందులోంచి దూది, మందు తీసి వేలికి కట్టు కట్టింది.

నొప్పి కాస్త తగ్గాక అతను ఆ అక్షరాలవైపే చూస్తూ అడిగాడు. "అమ్మ ఇది ఎప్పుడు పెట్టింది?"

"మీ బహుమతి సభనుంచి ఇంటికి రాగానే."