పడుగు, పేక, గుంట

కంప్యూటరు డిస్కు భాగాలను నంబర్లతో పిలిస్తే, కొత్త డిస్కు తగిలించగానే నంబర్లు మారిపోతాయి. నిన్న అలా మారినందుకే, చనిపోయిన నేతగాడు గండయ్య గీసిన చీరల డిజైన్లు చెరిగిపోబోయి కొద్దిలో తప్పాయి. ఈ రాత్రి రామన్నపేట ఇంట్లో ఆయన కూతురు అఖిల, కంప్యూటరు వాటిని పేర్లతోనే గుర్తుపట్టేలా మార్చింది. ఉన్నవి రెండు భాగాలు. ఒకదానికి పడుగు, రెండోదానికి పేక అని పేరు పెట్టింది. నిలువు పోగులకూ అడ్డ పోగులకూ తండ్రి వాడిన మాటలే.

కంప్యూటరు ఆగి మళ్లీ ఆన్ అయింది. మూడు పేర్లు కనిపించాయి. మూడోది ఆమె పెట్టనిది, గుంట. మగ్గం కింద ఆయన కాళ్లు పెట్టుకునే గొయ్యి. ఆయన పోయాక దాన్ని పూడ్చి బండలు పరిచారు.

ఆ బండల కింద మగ్గం తొక్కే చప్పుడు మొదలైంది. ఎక్కడా తప్పని లయ.

“అమ్మా, నీకు ఇనవడుతాందా?”

“ఇనవడుతాంది బిడ్డా,” అంది పక్క గది చీకట్లోంచి సావిత్రమ్మ. “పేర్లు మంచిగ పెట్టినవంటున్నడు మీ బాపు.”