అంటు కింద వేరు

రెన్‌మార్క్ ఊళ్ళో పాతరకం గులాబీల సభలో, పేరు తెలియని పూలను గుర్తుపట్టే బల్ల ముందు నిలబడ్డాను. చేతిలో, అమ్మ పోయే ముందు నాటిన గులాబీ చెట్టు కొమ్మ, దానికి కట్టాల్సిన పేరు చీటీ. పక్కన నాన్న రెండో భార్య నొరీన్.

"ఆ చీటీ నలిగిపోతోందే తల్లీ," అంది.

బల్ల వెనక పెద్దావిడ కొమ్మ తిప్పి చూసి పెదవి విరిచింది. "పైన అంటుకట్టిన గులాబీ ఎప్పుడో చచ్చిపోయిందమ్మా. ఇది కింద వేరు కోసం వాడే మొక్క. అదే చిగురించి పూస్తోంది."

నొరీన్ వైపు గిర్రున తిరిగాను. "నీకు తెలుసా?"

"నీ ఏడో ఏటే ఎండిపోయింది. చెబితే ఏడ్చి చచ్చేదానివి. కింద చిగురు కనిపించింది. నలభై ఏళ్ళుగా నీళ్ళు పోస్తూనే ఉన్నా."

నలిగిన చీటీ విప్పాను. పొద్దున నేనే రాసుకొచ్చాను: "అమ్మ గులాబీ".

ఒక్క అక్షరం మార్చకుండా కొమ్మకు కట్టాను.