అద్దాల గదిలో బాబాయి

మా తమ్ముడంత పిరికివాణ్ణి నేనెక్కడా చూడలేదు. నా కూతురి రక్త క్యాన్సర్‌కు వాడి మూలకణాలే సరిపోయాయి. మందులతో పిల్ల ఎముకల్లోని మజ్జనంతా చంపేశాక, తీరా ఇవ్వాల్సిన రోజున వాడు ఫోన్ కట్టేసి మాయమయ్యాడు. ఇంకో దాత కోసం వెతుకుతున్నారు.

ఆ రాత్రి, ఎవరినీ రానివ్వని అద్దాల గదిలోంచి పిల్ల ఇంటర్‌కామ్‌లో నవ్వింది.

“బాబాయిని తిట్టకు నాన్నా, వచ్చేశాడుగా! నా గుండు చూసి ‘బల్బు బాగా వెలుగుతోందే’ అంటున్నాడు.”

అద్దంలోంచి చూశాను. మంచం పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. దాని మెత్త మాత్రం మనిషి కూర్చున్నట్టు కుంగి ఉంది. నర్సు వస్తే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. నేను గంట నొక్కుతూనే ఉన్నాను.

“కణాలు ఇస్తానంటున్నాడు నాన్నా. కానీ ఇక్కడ కాదట, తనతో రమ్మంటున్నాడు. వెళ్లనా?”