కాకి వాలని గట్టు

అమ్మ పదోరోజు పిండం పెట్టి చాలాసేపైనా ఒక్క కాకీ వాలలేదు. మార్గశిరపు మంచుకి అన్నం ముద్ద చల్లారి బిగుసుకుపోతోంది.

"అమ్మగారి మనసులో ఏదో ఉండిపోయింది, రాజుగారూ. అదేంటో తలుచుకుని మాటివ్వండి" అని పంతులుగారు కూడా దూరం జరిగారు.

రొయ్యల చెరువు గట్టు మీద శ్రీనివాసరాజు తడిపంచెతో ఒక్కడే వణుకుతున్నాడు. తమ్ముణ్ణి చూసుకుంటానన్నాడు. ఏటా అన్నదానం చేయిస్తానన్నాడు. కాకి రాలేదు.

తలెత్తి చూశాడు. కాకులు చెరువు నుంచి చెరువుకి రొయ్యల జబ్బు మోసుకొస్తాయని, అవి వాలకుండా నీళ్ళ మీద ఆ తీగలన్నీ కట్టించింది తనే. మిగతావి బెదరాలని చచ్చిన కాకిని గుంజకి తలకిందులుగా కట్టిందీ తనే. అది చూసి అమ్మ "ఏంట్రా ఇది?" అనలేదు. "ఎవర్నిరా అలా వేలాడదీశావు?" అంది.

వెళ్ళి ఆ తాడు తెంపాడు.

"ఇంకెప్పుడూ కాకిని తోలనమ్మా" అన్నాడు ఏడుస్తూ.

మంచులోంచి ఒక కాకి వచ్చింది. పిండం కేసి, చెరువు మీదుగా కిందకి దిగింది.

"హుష్!"

ఆ కేక తనదేనని, ఆ చప్పట్లు తన చేతులవేనని తెలిసేసరికి కాకి మంచులో కలిసిపోయింది. చరిచిన చేతులు విడిపోకుండా అలాగే ఉండిపోయాయి.

గట్టు కింద, నీళ్ళు చిలికే ఏరియేటర్ల హోరులో భార్య నీలవేణికి ఏమీ వినపడలేదు. జోడించిన ఆ చేతులే కనిపించాయి.

"వచ్చారాండీ అత్తయ్యగారు?" అంది, తనూ దణ్ణం పెడుతూ.